మూడు గంటలకు ఎత్తుతారు

మీలో చాలామంది రేడియోని చెవిలో పెట్టుకుని తిరిగేవాళ్ళే. బస్సులో కొంత వింటారు, వంట చేస్తూ కొంత వింటారు. విసుగు పుట్టిన చోట ముందుకు జరిపేస్తారు, నచ్చితే వెనక్కి తిప్పి మళ్ళీ వింటారు. మీ ఇష్టం, మీ వీలు. దాన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. నేనూ వింటాను, రిటైరయ్యాక పొద్దు పోవాలి కదా. కాకపోతే ఆ సౌకర్యం మా స్టేషన్‌కి వచ్చిన ఏడాది ఒక అన్నాచెల్లెళ్ళకి ఏం జరిగిందో దగ్గరుండి చూశాను. రేడియోలోకి, పాడ్‌కాస్ట్ పనిలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడూ నన్ను సలహాలు అడుగుతుంటారు. సలహాలు నా దగ్గర లేవు. ఈ ఒక్క సంగతి ఉంది.

నేను పనిచేసింది కోవిల్‌పట్టిలో ఒక చిన్న ఎఫ్ఎం స్టేషన్‌లో. రికార్డింగు, ఎడిటింగు నా పని. మేడ మీద రెండు గదులు, కింద సైకిళ్ళ రిపేరు అంగడి. అంగడివాడు సుత్తి ఎత్తినప్పుడల్లా మేము మైకు ఆపేవాళ్ళం. యజమాని ఒక ట్రస్టు. మా డైరెక్టరు విరుదునగర్‌లో ఏసీ గదిలో కూర్చునేవాడు, నెలకోసారి మమ్మల్ని చూడ్డానికి వచ్చేవాడు. రోజంతా తమిళ కార్యక్రమాలు. మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్క అరగంట మాత్రం తెలుగు.

తెలుగంటే మీరు టీవీలో వినే తెలుగు కాదు. ఎట్టయాపురం, నాగలాపురం వైపు నల్లరేగడి ఊళ్ళలోనూ శివకాశి ఫ్యాక్టరీల్లోనూ మావాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. గడప దాటితే తమిళమే. చదవడం, రాయడం మా ఇళ్ళలో ఎవరికీ రాదు. నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఉద్యోగం కోసం పెద్దయ్యాక అక్షరాలు దిద్దుకోబట్టే. అచ్చులో మాకేమీ లేదు కాబట్టి ఆ అరగంటే మాకు పేపరు, పుస్తకం, చావడి అన్నీ.

ఆ అరగంటని నడిపింది మా అనౌన్సరు. అందరూ ఆమెని రేడియో అక్క అనేవారు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. చిన్నప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుని అగ్గిపెట్టెలకి లేబుళ్ళు అంటించిన చేతులు ఆమెవి. తర్వాత చదువుకుంది, మైకు ముందుకొచ్చింది. గొంతు గొప్పదేం కాదు, కొంచెం జీర. కానీ ఆమె మాట్లాడితే పక్కింటి మనిషి గోడ మీంచి పలకరించినట్టుండేది.

ఆమె కార్యక్రమం ఎప్పుడూ ఒకే తీరుగా మొదలయ్యేది. ముందు ఈ రోజు ఏ వారం, ఏ తేదీ. వెంటనే సేదులు. సేది అంటే మా వైపు కబురు. ఏ ఊళ్ళో ఎవరికి పెళ్ళి, ఎవరి బిడ్డకి చెవులు కుట్టడం, ఎవరు పోయారు, ఎన్ని గంటలకి ఎత్తుతారు. ఆ తర్వాతే పాటలు, కథలు. శివకాశి చుట్టుపక్కల టపాసుల ఫ్యాక్టరీల్లో ఫోన్లు గేటు దగ్గరే తీసి పెట్టుకుంటారు. మందు దగ్గర పని, ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పొద్దున్నే వ్యాన్‌లో వెళ్ళిన ఆడవాళ్ళకి మళ్ళీ సాయంత్రం వ్యాన్ ఎక్కేదాకా లోకంతో సంబంధం లేదు. పని షెడ్లకి దూరంగా, భోజనం చేసే రేకుల పంచలో ఒక పాత రేడియో ఉండేది. అన్నం క్యారియర్లు విప్పుకుని అందరూ దాని చుట్టూ కూర్చునేవాళ్ళు. చావు కబురు వస్తే ఎవరి మనుషులో వాళ్ళు చెయ్యి కడుక్కుని లేచి మేస్త్రీ దగ్గరికి పోయేవాళ్ళు. రేడియోలో వచ్చిందంటే ఏ మేస్త్రీ కాదనేవాడు కాదు.

ఇంకో వాడకం కూడా ఉండేది. దాన్ని మేము నేర్పలేదు, జనమే కనిపెట్టారు. మావాళ్ళకి పంతాలు ఎక్కువ. మాట్లాడుకోవడం మానేస్తే ఏళ్ళ తరబడి మానేస్తారు, ఎవరు ముందు పలకరిస్తే వాళ్ళు వంగినట్టు లెక్క. అయినా పెళ్ళికి పిలవాలి, చావుకి చెప్పాలి. అలాంటివాళ్ళు మాకు ఫోన్ చేసేవారు. "బందువులందరూ రావల్లని సెప్పండి అక్కా" అనేవారు. ఆ అందరూ ఎవరో ఊరంతటికీ తెలుసు. పిలిచినవాడు పిలవలేదు, రేడియో పిలిచింది. వచ్చినవాడు వాడి పిలుపుకి రాలేదు, రేడియో విని వచ్చాడు. ఎట్టయాపురం దగ్గర ఇద్దరు తోడల్లుళ్ళు ఇలాగే ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరు వచ్చి, ఒకే బంతిలో ఎదురెదురుగా కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండా పాయసం దాకా తిని వెళ్ళారు. ఇద్దరి మీసాలూ నిలబడ్డాయి. రేడియో అక్క ఆ కథ చెప్పి నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి.

తర్వాత మా డైరెక్టరుకి పాడ్‌కాస్ట్ పట్టుకుంది.

అతను మనవాడే. పెద్దరైతుల ఇంటి పిల్లవాడు, చెన్నైలో చదువుకుని వచ్చాడు. ఎక్కడో మీటింగుకి వెళ్ళొచ్చి మమ్మల్ని విరుదునగర్‌కి పిలిపించాడు. తెర మీద బొమ్మలు చూపించాడు. ఇకనుంచి తెలుగు అరగంట గాలిలో రాదు, ఫోన్‌లో పెడతాం, ఎవరైనా ఎప్పుడైనా వినచ్చు అన్నాడు. ఖాళీ అయిన మధ్యాహ్నం అరగంట సినిమా పాటలకీ నగల కొట్ల ప్రకటనలకీ పోతుంది. ఈ రెండో సంగతి మాత్రం కాస్త మెల్లగా చెప్పాడు.

"జనం వాళ్ళ టైముకు వినల్ల అన్నా, మన టైముకు గాదు" అన్నాడు నాతో.

"వాళ్ళకు టైము యాడ ఉండాది సారూ? కంబెనీలో ఫోను తీసి పెట్టుకుంటారు గదా."

"ఆదివారం ఉండాది గదా."

"సావు సేది ఆదివారం దాకా ఆగదు సారూ" అంది రేడియో అక్క.

అతను నొచ్చుకోలేదు. నవ్వి, "సేదులు కూడా పెట్టండక్కా, ఎవరు వద్దన్నారు? రేడియోలో అయితే గాలిలో పోతాది. ఇది శాశ్వతంగా ఉంటాది" అన్నాడు. చావు కబురు శాశ్వతంగా ఉండి ఎవరికి లాభమో నాకు తోచలేదు. ఆ మాట అన్నాను కూడా. అప్పటికే అతను తర్వాతి బొమ్మకి వెళ్ళిపోయాడు.

మొదటి నెలలు అతను సంతోషంగా ఉన్నాడు. వినేవాళ్ళు పెరిగారట. ఎవరా వినేవాళ్ళు అంటే హైదరాబాదువాళ్ళు, బెంగుళూరువాళ్ళు. రేడియో అక్క తెలుగు విని ముచ్చటపడి కామెంట్లు పెట్టేవారు, మా అమ్మమ్మ గుర్తొచ్చిందని ఒకరు, ఇది తెలుగా తమిళమా అని ఒకరు. అక్కకి ఆ రెండూ ఒకటే చురుకు. ఇంతలో విరుదునగర్ నుంచి వరసగా ఆదేశాలు వచ్చాయి. సేదులు మొదట్లో వస్తే జనం ముందుకు జరిపేస్తున్నారు కాబట్టి వాటిని చివర పెట్టాలి. తేదీ, వారం చెప్పకూడదు, చెబితే ఎపిసోడ్ పాతబడిపోతుంది, ఎప్పుడు విన్నా తాజాగా ఉండాలి. మేము జీతగాళ్ళం, చేశాం. చావు కబురు తాజాగా ఉండటమేంటని మాలో మేము వెటకారం ఆడుకున్నాం. అంతకుమించి ఊడబొడిచింది లేదు.

ఫ్యాక్టరీ పంచలో రేడియో సినిమా పాటలు పాడుతోందని మాకు తెలుసు. అక్కడి ఆడవాళ్ళు ఒకరిద్దరు ఆదివారాలు స్టేషన్ మెట్లెక్కి వచ్చి అడిగారు. "అక్కా, నీకు ఒళ్ళు బాగాలేదా?" అని. ఫోన్‌లో వస్తున్నానని అక్క చూపించేది. వాళ్ళు చూసి, సరేనని తలూపి, అరటిపళ్ళు ఇచ్చి వెళ్ళేవారు. ఆమె ఏదో పెద్ద జబ్బుని దాస్తోందనుకుని ఉంటారు.

దీపావళి సరుకు తయారవుతున్న రోజుల్లో, ఒక గురువారం పొద్దున నాగలాపురం నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ స్పీకర్లో ఉండటం నాకూ అక్కకీ అలవాటు, ఆమె మాట్లాడుతుంటే నేను రికార్డింగుకి సిద్ధం చేసేవాణ్ణి.

"అక్కా, సేది ఒకటి సెప్పల్ల. మా అమ్మ పోయినాది, తెల్లవారుజామున."

మేమిద్దరం ఆ గొంతుని గుర్తుపట్టాం. నాలుగు వానాధార ఎకరాలున్న రైతు. ఒకప్పుడు విత్తనాల మీద మాట్లాడటానికి స్టేషన్‌కి వచ్చినవాడు. అతని ఇంటి గొడవ కూడా మాకు తెలుసు. అతనికి ఒక్కతే చెల్లెలు, శివకాశి దగ్గర టపాసుల ఫ్యాక్టరీలో పని. ఆమె తన బిడ్డకి చెవులు కుట్టించిన రోజు మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టించాల్సింది. ఇతను బస్సు తప్పిపోయి ఆలస్యంగా వచ్చాడు. ఫ్యాక్టరీవాళ్ళు ఆ ఒక్క పూటే లీవు ఇచ్చారు, ఆమె ఆగలేకపోయింది. మొగుడి తరఫువాళ్ళ ఒడిలో కూర్చోబెట్టి కానిచ్చేసింది. ఇతను వచ్చేసరికి బిడ్డ చెవులకి రక్తం ఆరిపోయి ఉంది. తెచ్చిన కమ్మలు గుడి మెట్ల మీద పెట్టి వెనక్కి తిరిగాడు. అప్పటినుంచి ఏడేళ్ళుగా మాటలు లేవు.

అక్క మెల్లగా అడిగింది. "సెల్లెలికి ఫోన్ చేసినావా అన్నా?"

"బందువులందరికీ అని సెప్పండక్కా. కంబెనీలో అది వింటాది గదా మధ్యాన్నం."

"ఇప్పుడు నేను ఫోన్‌లో వస్తా ఉండాను అన్నా, రేడియోలో గాదు."

"యాడ వచ్చినా మీ గొంతే గదా" అన్నాడు. "మూడు గంటలకు ఎత్తుతాము. వాయికరిసికి రావల్ల అని సెప్పండి" అని పెట్టేశాడు.

వాయికరిసి అంటే పోయినవాళ్ళ నోట్లో బిడ్డలు వేసే పిడికెడు బియ్యం. తల్లికి కూతురు వెయ్యకపోతే మా వైపు అది మామూలు లోటు కాదు. అందరికీ అని అతను చెప్పింది ఎవరి కోసమో మాకు వేరే చెప్పక్కర్లేదు.

అక్క ఊరుకోలేదు. చెల్లెలి ఫోన్‌కి చేసింది, అది గేటు దగ్గర పెట్టెలో మోగి మోగి ఆగిపోయింది. ఫ్యాక్టరీ ఆఫీసుకి చేసింది. ఎత్తినవాడు ఆ పేరుతో నలుగురున్నారన్నాడు, ఏ షెడ్డన్నాడు. మాకు తెలియదు. చూస్తామన్నాడు. దీపావళి ముందు వాళ్ళు ఏం చూస్తారో వాళ్ళకి తెలియాలి. చివరికి అక్క మైకు ముందు కూర్చుని చెప్పింది. "నాగలాపురంలో పెద్దమ్మ ఈ దినం కాలం చేసినారు. ఈ మధ్యాన్నం మూడు గంటలకు ఎత్తుతారు. బందువులందరూ వాయికరిసికి రావల్ల." కొత్త రూలు ప్రకారం తేదీ లేదు, వారం లేదు. నేను దాన్ని చివర్లో అతికించి పన్నెండుకల్లా ఎక్కించేశాను. ఆ తర్వాత మేమిద్దరం భోజనం చేశాం. ఆ అన్నం రుచి ఇప్పటికీ నాకు గిట్టదు.

ఆ చెల్లెలు మా మెట్లెక్కింది సోమవారం. డైరెక్టరు నెలవారీ తనిఖీకి వచ్చి ఉన్నాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడింది. ముప్పై అయిదు దాటని మనిషి. చేతివేళ్ళ సందుల్లో వెండి రంగు మందుపొడి. అది ఎంత తోమినా పోదు. కూర్చోమంటే కూర్చోలేదు. ఏడవలేదు కూడా. అక్కనే చూస్తూ మాట్లాడింది.

"నిన్న ఆదివారం అక్కా. బట్టలు ఉతకతా ఉంటిని. నీ గొంతు విని నాలుగు నెలలయ్య, పాప ఫోన్‌లో ఎట్ల పెట్టల్లనో నేర్చుకునింది, పెట్టి ఆడుకోను పోయినాది. నేను నవ్వతా వింటా ఉంటిని. నువ్వు వచ్చి ఉలవచారు ఎట్ల కాచేదో సెప్తా ఉంటివి. చివరాకర్న మా అమ్మ సేది సెప్తివి."

అక్క లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది.

"ఈ మధ్యాన్నం మూడు గంటలకు అంటివి. టైము సూస్తిని, పన్నెండున్నర. పోతే అందుకోవచ్చు అనుకుంటిని. తడిచీరతోనే లేస్తిని. పిడికెడు బియ్యం కొంగులో కట్టుకుంటిని, అమ్మ మీద కప్పను కోడిచీర దోవలో కొంటిని. కోవిల్‌పట్టిలో బస్సు దొరకలేదు, ఆటోవాణ్ణి కాళ్ళు పట్టుకుంటిని. మా వీదిలోకి ఏడస్తా పరిగెత్తి పోతిని అక్కా. తలవాకిట్లో ముగ్గేసుండాది."

మా వైపు శవం లేచిన ఇంట్లో మూడు రోజులదాకా ముగ్గు వెయ్యరు. ఆమెకి అక్కడే అర్థమైంది. కాళ్ళు ఆగలేదట, అలాగే గుండెలు బాదుకుంటూ లోపలికి పోయింది. అమ్మ మంచం గోడకి నిలబెట్టి ఉంది. వీధిలోవాళ్ళంతా వచ్చి చూశారు. గురువారం రాని మనిషి ఆదివారం మూడు గంటలకి తడిచీరతో, కొంగులో బియ్యంతో వచ్చి ఏడుస్తుంటే వాళ్ళకి ఏమని తోస్తుంది? ఎవరో ముసలామె అందట, ఎత్తేటప్పుడు రాకుండా ఇప్పుడు ఎవరికి సూపించను వచ్చినావని. గురువారం అన్న ఆమె కోసం మూడు గంటలకి కాదు, అయిదున్నర దాకా శవాన్ని ఉంచాడట. ఊరి పెద్దలు ఇక బాగుండదంటే ఎత్తాడు. ఇప్పుడు ఆమెని చూసి లేచి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"నేను పంతానికి రాలేదని అనుకుంటా ఉండారు" అంది ఆమె. "అమ్మ సచ్చిపోయినా రాని దాన్ని అయిపోతిని ఆ ఊర్లో. నాకు ఒక్క సేది సెప్పల్ల అక్కా. నాకు గురువారం తెలీదని, ఆదివారం తెలిసినాదని. మా ఊరు వినేమాదిరి సెప్పు, అంతే సాలు."

డైరెక్టరు అంతసేపూ వింటూనే ఉన్నాడు. అతను చెడ్డవాడు కాడు. ఆ మాట నేను చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను, ఎన్నిసార్లు చెప్పుకున్నా కోపం తగ్గలేదు. అతను ముందుకొచ్చి చాలా మర్యాదగా అన్నాడు.

"మాకు సాలా బాదగా ఉండాదమ్మా. కానీ ఆ సేది గురువారం పన్నెండు నుంచీ అందుబాటులోనే ఉండినాది."

ఆమెకి ఆ మాట అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే మంచిదైంది. రేడియో అక్కకి అర్థమైంది.

"నా గొంతు ఎప్పుడు ఎవరికి వినబడతాదో నాకే తెలీనప్పుడు నేను సావు సేది ఎట్ల సెప్పేది సారూ? ఈ దినం అని నేను అంటే అది ఏ దినం?"

నేను డైరెక్టరుని అడిగాను, మధ్యాహ్నం సినిమా పాటల మధ్య రెండు నిమిషాలు ఇప్పించండి, ఈ ఒక్క సేది గాలిలో చెప్పిస్తామని. అతను కిటికీ వైపు చూశాడు. ఆ స్లాటు అమ్ముడుపోయిందన్నాడు. ఇళ్ళ గొడవలు ప్రసారం చేస్తే ట్రస్టువాళ్ళు ఊరుకోరన్నాడు. అన్నేళ్ళు మేము ప్రసారం చేసిందంతా ఇళ్ళ గొడవలే. ఫోన్‌లో మాత్రం ఎంతసేపైనా పెట్టుకోండి, ప్రత్యేక ఎపిసోడ్ చేయండి అన్నాడు. దానికి ఏం పేరు పెడితే బాగుంటుందో కూడా ఆలోచించడం మొదలుపెట్టాడు. నేను అతని ముఖం చూడలేక మిషన్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

ఆమె మాటలు రికార్డు చేశాను. ఇంకేం చేయాలో తోచలేదు. అక్క పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. చెల్లెలు నాలుగు వాక్యాలే చెప్పింది. "అన్నా, నాకు తెలీదు. నేను గురువారం కంబెనీలో ఉంటిని. తెలిసుంటే గోడ దూకైనా వస్తును. అమ్మ నోట్లో బియ్యం వెయ్యని దాన్ని అయిపోతినే, నన్ను నువ్వు గూడా అనుమానిస్తే ఎట్ల." చెప్పడం అయ్యాక, ఊళ్ళో అందరికీ వినబడుతుందా అని నన్ను అడిగింది. నేను తల ఊపాను. అది అబద్ధమని నాకూ అక్కకీ తెలుసు.

అక్క ఆ వారమే మానేసింది. పెద్దగా గొడవేమీ చేయలేదు, తన వైరు బుట్టలో నీళ్ళసీసా, కళ్ళజోడు వేసుకుని మెట్లు దిగింది. ఆ తర్వాత విరుదునగర్ నుంచి ఇక సేదులు అసలు వద్దని ఆదేశం వచ్చింది, ఇబ్బందులు వస్తున్నాయట. తెలుగు అరగంటకి మదురై నుంచి ఒక అమ్మాయిని తెచ్చారు, పుస్తకం తెలుగు మాట్లాడుతుంది. వినేవాళ్ళు ఇంకా పెరిగారని విన్నాను.

నేను ఉండబట్టలేక ఆ పైవారం నాగలాపురం వెళ్ళాను. స్టేషన్ తరఫున కాదు. ఆ నాలుగు వాక్యాలూ నా ఫోన్‌లో ఎక్కించుకుని బస్సెక్కాను. ఊరు చేరేసరికి ఎండ తగ్గుతోంది. అన్న ఇంటి ముందు మిరప నారుకి గుంటలు తీస్తున్నాడు. నన్ను చూసి పార పక్కన పెట్టాడు, రండి సారూ అని అరుగు మీద కూర్చోబెట్టాడు. తల గొరిగించుకున్నాడు, వెంట్రుకలు ఇంకా మొలవలేదు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఫోన్‌లో అంటే ఏంటో, తేదీ ఎందుకు చెప్పలేదో, ఆమె ఆదివారం ఎందుకు పరిగెత్తి వచ్చిందో అంతా. తర్వాత ఫోన్ అతని చేతిలో పెట్టి ఆమె మాటలు వినిపించాను. అతను దాన్ని చెవికి ఆనించుకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుని విన్నాడు. అయిపోయాక మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ విన్నాడు. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే గడ్డం దాకా వచ్చాయి.

"అది అబద్దం సెప్పదు సారూ" అన్నాడు. "సిన్నప్పటినుంచి సెప్పదు."

నాకు గుండె తేలికైంది. "అయితే పోయి పిలుచుకుని రా అన్నా, పదహారో దినం కర్మకన్నా వస్తాది" అన్నాను.

అతను ఫోన్ నాకు తిరిగిచ్చాడు.

"నేనొక్కన్నే విని ఏం చేసేది? అయిదున్నర దాకా పెట్టుకుంటివి, రాలేదు గదా అని ఊరంతా నా మొకం సూసినారు. ఇప్పుడు నేనుగా పోయి పిలిస్తే, తోడబుట్టిన ఆడది ఏడిస్తే మెత్తబడినాడు అంటారు. అది తప్పు చేసినట్టే ఉండిపోతాది. ఊరు వినల్ల సారూ."

"ఇప్పుడే వినిపిస్తాను. నలుగురిని పిలువు, గట్టిగా పెడతాను."

"మీరు మోసుకొచ్చి వినిపిస్తే మా సెల్లెలు పంపించినట్టు అవతాది. రేడియోలో వస్తే ఎవరూ పంపినట్టు గాదు." అతను లేచి పార అందుకున్నాడు. కోపం లేదు, నిజంగానే నా సాయం అడుగుతున్నాడు. "టీ అంగడిలో సెట్టు ఉండాది, బాగా పాడతాది. మా సెల్లెలి మాట ఏ దినం, ఎన్ని గంటలకు వస్తాదో అది మాత్రం సెప్పండి. ఊరినంతా నేను కూర్చోబెడతాను."

ఎప్పుడైనా వినచ్చు అని అతనికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. కనుక్కుని చెబుతానన్నాను. అతను నన్ను బస్సు దాకా సాగనంపి, బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, మధ్యాహ్నం పూట అయితే మేలు, అందరూ ఇళ్ళల్లో ఉంటారు అని మళ్ళీ చెప్పాడు.